బిట్‌ కోసం చదివిన పాఠమే బతుకుదెరువు కావచ్చు

చిక్కడపల్లి సిటీ సెంట్రల్‌ లైబ్రరీకి మధ్యాహ్నం పూట ఎప్పుడు వెళ్లినా ఒకటే దృశ్యం. లోపల కుర్చీ దొరకనివాళ్లు బయట చెట్ల కింద కూర్చుని చదువుకుంటుంటారు. ఒకరి ఒళ్లో పాలిటీ, ఇంకొకరి చేతిలో కరెంట్‌ అఫైర్స్‌, పక్కన టిఫిన్‌ డబ్బా. మొన్న ఒక పని మీద అటు వెళ్లినప్పుడు నల్లగొండ జిల్లా నుంచి వచ్చిన ఒక తమ్ముడు కలిశాడు. ఈసీఈ చదివాడు. అశోక్‌నగర్‌లో హాస్టల్‌. పొద్దున గ్రూప్స్‌, రాత్రి గేట్‌. నేను చిప్‌ కంపెనీలో పని చేస్తానని తెలిసి నోట్స్‌ తెరిచి చూపించాడు.

‘అన్నా, ఈ ఇంటర్‌ సింబల్‌ ఇంటర్‌ఫియరెన్స్‌ అనేటిది గేట్‌ల ఒక బిట్‌కు తప్ప ఇంకెందుకన్నా? బయట ఎవరన్న వాడుతరా?’

నవ్వొచ్చింది, కొంచెం బాధ కూడా వేసింది. ఎందుకంటే పదకొండేళ్ల కింద ఇదే అశోక్‌నగర్‌లో, ఇలాంటి హాస్టల్‌ గదిలోనే ఉండి, నేనూ ఇదే మాట అనుకున్నాను. ఇప్పుడు నాకు నెల నెలా జీతం వచ్చేది ఆ ఒక్క బిట్‌ వల్లే. కంప్యూటర్‌ మెమరీకీ ప్రాసెసర్‌కీ మధ్య సిగ్నల్‌ పాడవకుండా చూసే ఈక్వలైజర్‌ సర్క్యూట్లను పరీక్షించడం నా పని.

అందుకే ఈ వ్యాసం. నా వాదన ఒక్కటే. ఈసీఈ చదివి, ‘మన బ్రాంచిలో ఉద్యోగాల్లేవు’ అనుకుని పూర్తిగా జనరల్‌ స్టడీస్‌కు మళ్లినవాళ్లు ఒకసారి ఆగి చూసుకోవాలి. పరిశ్రమ నిజంగా తలపట్టుకుంటున్న ఒక సమస్య మీ సిలబస్‌లోనే ఉంది. దాన్ని మనం బిట్‌గా చదువుతున్నాం, పనిగా చదవడం లేదు.

ఇంతకీ సమస్య ఏంటి?

హాస్టల్‌ మెట్ల దగ్గర నిలబడి పైఅంతస్తులో ఉన్న ఫ్రెండ్‌ను పిలిచారనుకోండి. మీ గొంతు గోడలకు తగిలి ప్రతిధ్వని వస్తుంది. ఒక్కో మాట మధ్య గ్యాప్‌ ఇచ్చి చెబితే అతనికి అర్థమవుతుంది. గబగబా చెబితే? ముందు మాట ప్రతిధ్వని తర్వాతి మాట మీద పడుతుంది. ఏ మాటా సరిగా వినపడదు. ఇంటర్‌ సింబల్‌ ఇంటర్‌ఫియరెన్స్‌ అంటే ఇంతే. ముందు వెళ్లిన బిట్‌ తోక, వెనక వస్తున్న బిట్‌ మీద పడటం.

మెమరీలో ఈ ‘గబగబా’ ఎంతో చూడండి. డీడీఆర్‌4 ప్రమాణం 2012లో వచ్చింది. అందులో ఒక్కో డేటా పిన్‌ మీద సెకనుకు 320 కోట్ల బిట్ల దాకా వెళ్తాయి. 2020 జులైలో జెడెక్‌ సంస్థ డీడీఆర్‌5 ప్రమాణాన్ని విడుదల చేసినప్పుడు ఆ సంఖ్య 640 కోట్లకు చేరింది. 2024లో వచ్చిన సవరణతో 880 కోట్లయింది. అంటే పన్నెండేళ్లలో దాదాపు మూడు రెట్లు. కానీ మదర్‌బోర్డు మీద రాగి తీగ అదే, స్లాట్లు అవే, స్టిక్‌ ఆకారం కూడా కాస్త అటూఇటుగా అదే.

640 కోట్ల దగ్గర ఒక్కో బిట్‌కు దొరికే సమయం 156 పికోసెకన్లు. ఒక పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్ల వంతు. ఇంత తక్కువ సమయంలో మామూలు బోర్డు మీద సిగ్నల్‌ ప్రయాణించే దూరం సుమారు 2.3 సెంటీమీటర్లు. ప్రాసెసర్‌ నుంచి మెమరీ పది సెంటీమీటర్ల దూరంలో ఉంటే, మొదటి బిట్‌ అక్కడికి చేరేలోపే వెనక మరో మూడు నాలుగు బిట్లు తీగ మీద బయల్దేరి ఉంటాయి. రైలు వెనక రైలు అన్నమాట.

ఈ దారిలో రెండు గండాలు. మొదటిది నష్టం. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ బోర్డు సిగ్నల్‌ను ఎక్కువగా మింగేస్తుంది. పదునైన అంచులు మొద్దుబారి, బిట్‌ సాగిపోతుంది. రెండోది ప్రతిఫలనం. స్లాటు దగ్గర, కనెక్టర్‌ దగ్గర, ఖాళీగా ఉన్న రెండో స్లాటు దగ్గర సిగ్నల్‌లో కొంత భాగం వెనక్కి తిరుగుతుంది. అది తిరిగి తిరిగి వచ్చి తర్వాతి బిట్ల మీద పడుతుంది. కంప్యూటర్‌ అసెంబుల్‌ చేసేవాళ్లను అడగండి. డీడీఆర్‌5లో రెండు స్టిక్‌లు పెడితే నడిచే స్పీడ్‌, నాలుగు పెడితే చాలా బోర్డుల్లో నడవదు. కారణాల్లో ఈ ప్రతిఫలనాలు ముఖ్యమైనవి.

లెక్కతో చూద్దాం

మీరు పెన్ను పట్టుకుని వేయగలిగే లెక్కే ఇది. బిట్‌ 1ని +1గా, బిట్‌ 0ని −1గా పంపుతున్నాం. చానెల్‌ ఎలా ఉందంటే, ఒక బిట్‌ పంపితే దాని సమయంలో 1.0, తర్వాతి బిట్‌ సమయంలో 0.5, ఆ తర్వాతి దాంట్లో 0.3 తోక మిగులుతుంది. ఇప్పుడు 1, 1, 0 పంపాం. మూడో బిట్‌ దగ్గర రిసీవర్‌కు ఎంత అందుతుంది?

సొంత విలువ −1. నిన్నటి బిట్‌ తోక +0.5. మొన్నటి బిట్‌ తోక +0.3. మొత్తం −0.2. రావలసింది −1, వచ్చింది −0.2. ఇక 0.2 కన్నా కొంచెం ఎక్కువ నాయిస్‌ వచ్చినా చాలు, సున్నా కాస్తా ఒకటి అయిపోతుంది. ఐ డయాగ్రమ్‌లో ‘కన్ను మూసుకుపోవడం’ అని పుస్తకంలో చదివారు కదా, ఇదే.

దీనికి మూడు రకాల మందులున్నాయి. పంపేవైపే సిగ్నల్‌ను ముందుగా సవరించి పంపడం ఒకటి. దీన్ని ఫీడ్‌ ఫార్వర్డ్‌ ఈక్వలైజర్‌ అంటారు. పంపే వోల్టేజికి పైపరిమితి ఉంటుంది కాబట్టి, ఇందులో అసలు సిగ్నల్‌ కొంత తగ్గించుకోక తప్పదు. రెండోది, అందుకునేవైపు పైఫ్రీక్వెన్సీలను పెంచే యాంప్లిఫయర్‌. సీటీఎల్‌ఈ అని పొట్టిగా పిలుస్తారు. ఇది సింపుల్‌. కానీ సిగ్నల్‌తో పాటు నాయిస్‌నూ, పక్క తీగ నుంచి దూరిన క్రాస్‌టాక్‌నూ పెంచేస్తుంది.

మూడోది డిసిషన్‌ ఫీడ్‌బ్యాక్‌ ఈక్వలైజర్‌, డీఎఫ్‌ఈ. ఆలోచన చాలా తేలిక. నిన్నటి బిట్‌ 1 అని ఇప్పటికే తేల్చేశాం. దాని తోక 0.5 అని తెలుసు. మొన్నటిదీ 1, తోక 0.3. రెండూ తీసేద్దాం. −0.2 నుంచి 0.5, 0.3 తీసేస్తే −1. కన్ను మళ్లీ తెరుచుకుంది. తీసేస్తున్నది తేల్చేసిన శుభ్రమైన బిట్‌ విలువను కాబట్టి నాయిస్‌ పెరగదు. ప్రతిఫలనాలకు కూడా ఇదే సరైన మందు. అందుకే డీడీఆర్‌5లో మెమరీ చిప్‌ లోపలే, ప్రతి డేటా పిన్‌కూ నాలుగు ట్యాపుల డీఎఫ్‌ఈని పెట్టారు. అంటే ముందు వెళ్లిన నాలుగు బిట్ల తోకల్ని తీసేస్తుంది. అంతకుముందు డీడీఆర్‌4 ప్రమాణంలో మెమరీ చిప్‌కు ఈ అవసరం రాలేదు.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. టెలిఫోన్‌ లైన్ల మీద మోడెమ్‌ల కోసం బెల్‌ ల్యాబ్స్‌లో రాబర్ట్‌ లక్కీ 1965లోనే తనంతట తాను సర్దుకునే ఈక్వలైజర్‌ గురించి రాశారు. డిసిషన్‌ ఫీడ్‌బ్యాక్‌ పద్ధతి మీద ఆస్టిన్‌ నివేదిక 1967లో ఎంఐటీ లింకన్‌ ల్యాబొరేటరీ నుంచి వచ్చింది. అప్పట్లో వందల కిలోమీటర్ల ఫోన్‌ తీగకు వాడిన వైద్యం, ఇప్పుడు పది సెంటీమీటర్ల బోర్డుకు కావాల్సి వస్తోంది. దూరం తగ్గింది కానీ స్పీడ్‌ అంతకన్నా ఎక్కువ పెరిగింది.

మరి ఇంకా ఏం మిగిలింది?

‘అంతా కనిపెట్టేశారు కదన్నా, ఇంక మనం చేసేదేముంది?’ అని ఆ తమ్ముడు అడిగాడు. సరైన ప్రశ్న. ఉద్యోగం ఉండేది ఈ జవాబులోనే.

మొదటి చిక్కు సమయం. నిన్నటి బిట్‌ తోకను తీసేయాలంటే, ముందు నిన్నటి బిట్‌ ఏంటో తేల్చాలి, దాన్ని 0.5తో గుణించాలి, తీసేయాలి, మళ్లీ తేల్చాలి. ఇదంతా ఒక్క బిట్‌ సమయంలో, అంటే 156 పికోసెకన్లలో అయిపోవాలి. 880 కోట్ల స్పీడులో అయితే 114 పికోసెకన్లే. మెమరీ చిప్‌లో ట్రాన్సిస్టర్లు ప్రాసెసర్‌లో ఉన్నంత వేగంగా ఉండవు. చార్జి కారిపోకుండా, తక్కువ ధరకు ఎక్కువ సెల్స్‌ పట్టేలా ఆ తయారీ పద్ధతిని తీర్చిదిద్దారు. వేగం కోసం కాదు. నిదానంగా నడిచే ట్రాన్సిస్టర్లతో వేగమైన లూప్‌ కట్టాలి. అసలు పరీక్ష అది.

దీనికో ఉపాయం ఉంది. నిన్నటి బిట్‌ ఏంటో తేలేదాకా ఆగకుండా, ‘1 అయితే’ అనుకుని ఒక జవాబు, ‘0 అయితే’ అనుకుని ఇంకో జవాబు ముందే సిద్ధం చేసి పెట్టుకుంటారు. అసలు బిట్‌ తేలగానే సరైన జవాబును ఎంచుకుంటారు. లూప్‌ అన్‌రోలింగ్‌ అంటారు. కానీ ఒక ట్యాపుకు రెండు కంపారేటర్లు కావాలి, రెండు ట్యాపులకు నాలుగు, నాలుగు ట్యాపులకు పదహారు. చోటూ కరెంటూ రెండూ ఖర్చు. డీడీఆర్‌5 పని చేసేదే 1.1 వోల్టుల మీద. ఎన్ని ట్యాపులను విడదీయాలి, ఎన్నిటిని మామూలుగా ఉంచాలి అనే లెక్క ప్రతి డిజైన్‌లోనూ కొత్తగా వేయాల్సిందే.

రెండో చిక్కు తప్పు పాకడం. మన లెక్కకే వద్దాం. నిన్నటి బిట్‌ను పొరపాటున 0గా తేల్చామనుకోండి. 0.5 తీసేయాల్సింది పోయి కలుపుతాం. −0.2కి 0.5 కలిపి, 0.3 తీసేస్తే సరిగ్గా సున్నా. అటా ఇటా అని తేల్చలేని చోటుకు వచ్చాం. ఒక తప్పు రెండో తప్పుకు దారి తీస్తుంది. మొదటి ట్యాపు విలువ ఎంత పెద్దదైతే ఈ ప్రమాదం అంత ఎక్కువ. అందుకే సీటీఎల్‌ఈతో కొంత, డీఎఫ్‌ఈతో కొంత పంచుకోవడం మేలు. ఆ పంపకం ఎలా ఉండాలన్నది ఇంజినీరు తేల్చాలి.

మూడో చిక్కు శిక్షణ. ఈ 0.5, 0.3 అనే విలువలు ప్రతి బోర్డుకూ, ప్రతి స్లాటుకూ వేరు. కంప్యూటర్‌ ఆన్‌ చేసినప్పుడు వెతికి పట్టుకోవాలి. కొత్త డీడీఆర్‌5 సిస్టమ్‌ను మొదటిసారి ఆన్‌ చేసినప్పుడు చాలాసేపు స్క్రీన్‌ నల్లగా ఉండటం మీలో కొందరు చూసే ఉంటారు. పాడైందేమోనని భయపడతారు కూడా. లోపల జరిగేది ఈ వెతుకులాటే. దాన్ని త్వరగా, తప్పు లేకుండా ముగించే ఫర్మ్‌వేర్‌ రాయడం ఒక పూర్తి స్థాయి ఉద్యోగం.

నాలుగోది, నేను రోజూ తలపడేది. ఈక్వలైజర్‌ తర్వాత సిగ్నల్‌ ఎలా ఉందో బయటి నుంచి చూడలేం. స్కోప్‌ ప్రోబ్‌ చిప్‌ లోపలికి పోదు. పిన్‌ దగ్గర చూస్తే కన్ను మూసుకునే ఉంటుంది, లోపల మాత్రం తెరుచుకుని ఉంటుంది. అందుకే రిఫరెన్స్‌ వోల్టేజిని కొంచెం కొంచెం జరుపుతూ, టైమింగ్‌ను కొంచెం కొంచెం జరుపుతూ, ఎక్కడ తప్పులు మొదలవుతున్నాయో లెక్కపెట్టి కన్ను ఆకారం గీస్తాం. గుడ్డివాడు చేత్తో తడిమి చూసినట్టు. ఓపిక, లెక్క, కొంచెం కోడింగ్‌ ఉంటే చాలు. టాపర్‌ అయి ఉండాల్సిన అవసరమేమీ లేదు.

మెట్రో దూరంలోనే

చిక్కడపల్లి స్టేషన్‌లో మెట్రో ఎక్కి, పరేడ్‌ గ్రౌండ్స్‌లో ఒక్కసారి మారితే హైటెక్‌ సిటీ. అక్కడికి వెళ్లేవాళ్లందరూ సాఫ్ట్‌వేర్‌ వాళ్లే అనుకుంటాం. మెమరీ చిప్‌లు తయారు చేసే మైక్రాన్‌ 2019లో హైదరాబాద్‌లో డెవలప్‌మెంట్‌ సెంటర్‌ తెరిచింది. ఏఎండీ, క్వాల్‌కామ్‌లకు ఇక్కడ ఇంజినీరింగ్‌ కేంద్రాలున్నాయి. చిప్‌ డిజైన్‌ టూల్స్‌తో పాటు డీడీఆర్‌ ఇంటర్‌ఫేస్‌ డిజైన్లను కూడా అమ్మే సినాప్సిస్‌, కేడెన్స్‌లకూ ఉన్నాయి. మాస్‌చిప్‌ పుట్టిందే ఈ నగరంలో. ప్రతి ఆఫీసులోనూ ఈక్వలైజర్ల మీదే పని జరుగుతుందని చెప్పడం లేదు. కానీ హైస్పీడ్‌ సిగ్నల్‌ లేకుండా ఈ కంపెనీల్లో దేని ఉత్పత్తీ నడవదు.

పనులు కూడా ఒకే రకం కావు. సర్క్యూట్‌ గీసే అనలాగ్‌ డిజైన్‌. దాన్ని సిలికాన్‌ మీద అమర్చే లేఅవుట్‌. బోర్డు మీద సిగ్నల్‌ను లెక్కగట్టే సిగ్నల్‌ ఇంటిగ్రిటీ. చిప్‌ తయారై వచ్చాక పరీక్షించే పోస్ట్‌ సిలికాన్‌ వాలిడేషన్‌. మెమరీ ట్రైనింగ్‌ ఫర్మ్‌వేర్‌. మొదటిదానికి ఎంటెక్‌ ఉంటే బాగా కలిసొస్తుంది. మిగతా వాటిలోకి బీటెక్‌తో వెళ్లినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

ఈ రంగంలో మనకు పరాయితనం కూడా అక్కర్లేదు. హైస్పీడ్‌ లింకుల ఈక్వలైజర్ల మీద 2005లో వచ్చిన ఒక సమీక్షా వ్యాసాన్ని ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఇప్పటికీ చదువుతారు. దాని మొదటి రచయిత పవన్‌ కుమార్‌ హనుమోలు. ఇప్పుడు అమెరికాలోని ఇలినాయ్‌ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌. ఇంటిపేరు చదవగానే మీకే తెలిసిపోతుంది. అదే 2005లో, 5 గిగాబిట్ల వేగంతో తనంతట తాను సర్దుకునే ఈక్వలైజర్‌ ఉన్న చిప్‌ గురించి ఐఎస్‌ఎస్‌సీసీ సదస్సులో వచ్చిన పత్రానికి మొదటి రచయిత నాగేంద్ర కృష్ణపుర. ఆయన ఐఐటీ మద్రాసులో పాఠాలు చెబుతున్నారు. ఆయన అనలాగ్‌ క్లాసులు ఎన్‌పీటెల్‌లో ఉచితంగా ఉన్నాయి. నారాయణగూడలో ఏ కోచింగ్‌ ఫీజూ కట్టకుండా, హాస్టల్‌ వైఫైతో వినొచ్చు.

‘చెప్పడం తేలికే అన్నా’

మీరు అనబోయే మాటలు నాకు తెలుసు. ఒక్కొక్కటిగా చూద్దాం.

‘మాది మామూలు కాలేజీ. క్యాంపస్‌కు ఇలాంటి కంపెనీలు రావు.’ నిజం. ఈ పోస్టుల సంఖ్య కూడా సాఫ్ట్‌వేర్‌ పోస్టులంత ఉండదు. ఒక్క నోటిఫికేషన్‌తో వందల మందిని తీసుకునే రంగం కాదిది. కానీ పోటీ కూడా లక్షల్లో ఉండదు. ఇంటర్వ్యూకు వచ్చేవాళ్లలో వెరిలాగ్‌ కోర్సు చేసినవాళ్లే ఎక్కువ మంది. ‘డీఎఫ్‌ఈలో మొదటి ట్యాపే ఎందుకు కష్టం?’ అని అడిగితే చెప్పగలిగేవాళ్లు చాలా తక్కువ. మీరు ఇప్పుడే చదివారు కాబట్టి మీరు చెప్పగలరు.

‘టూల్స్‌ లక్షలు పెట్టి కొనాలట.’ కంపెనీలు వాడేవి అంతే. నేర్చుకోవడానికి అవి అక్కర్లేదు. ఎన్‌జీస్పైస్‌ ఉచితం. స్కైవాటర్‌ కంపెనీ 130 నానోమీటర్ల తయారీ వివరాలను 2020లో గూగుల్‌తో కలిసి అందరికీ తెరిచేసింది. సిగ్నల్‌ లెక్కలకైతే పైథాన్‌, నంపై చాలు. మామూలు ల్యాప్‌టాప్‌ మీద నడుస్తాయి.

‘కన్సల్టెన్సీ వాళ్లు మూడేళ్ల ఎక్స్‌పీరియెన్స్‌ పెట్టిస్తామంటున్నారు.’ ఆ దారి వద్దు. నేను ఖాళీగా ఉన్న రోజుల్లో నన్నూ ఒకాయన అలాగే అడిగాడు. డబ్బు కట్టిన నా రూమ్మేట్‌ ఉద్యోగంలో చేరిన ఎనిమిది నెలలకు వెరిఫికేషన్‌లో దొరికిపోయాడు. ఉద్యోగం పోయింది, కట్టిన డబ్బూ పోయింది. హార్డ్‌వేర్‌ రంగం చిన్నది. ఒకచోట పోయిన పేరు ఇంకోచోటికి మనకన్నా ముందే చేరుతుంది.

‘గవర్నమెంట్‌ ఉద్యోగం వదిలేయమంటారా?’ అననే అనను. ఇంట్లో పరిస్థితి, అమ్మానాన్నల ఆశ, ఊళ్లో గౌరవం, ఇవన్నీ తెలియకుండా సలహా ఇచ్చేంత గొప్పవాణ్ని కాదు. కానీ ఒక లెక్క చూడండి. తెలంగాణ గ్రూప్‌-2 నోటిఫికేషన్‌ 783 పోస్టులకు 2022 డిసెంబరులో వచ్చింది. వాయిదాల మీద వాయిదాలు పడి పరీక్ష జరిగింది 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో. రెండేళ్లు. ఆ రెండేళ్లూ అశోక్‌నగర్‌లో రూమ్‌ రెంటు ఆగలేదు, మెస్‌ బిల్లు ఆగలేదు, వయసూ ఆగలేదు. ఆ ఆలస్యం అభ్యర్థుల తప్పు కాదు. కానీ దాని మూల్యం చెల్లించింది వాళ్లే. ఇలాంటి చోట చేతిలో రెండో దారి ఉంచుకోవడం భయం కాదు, జాగ్రత్త.

పైగా ఆ రెండో దారికి మీరు కొత్తగా మొదలుపెట్టాల్సిన పని లేదు. ఇంటర్‌ సింబల్‌ ఇంటర్‌ఫియరెన్స్‌, కన్వల్యూషన్‌, ట్రాన్స్‌మిషన్‌ లైన్లు, డిఫరెన్షియల్‌ యాంప్లిఫయర్‌, అన్నీ గేట్‌ సిలబస్‌లోవే. గేట్‌ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఎంటెక్‌లో సీటు వస్తే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్‌ ఉంటుంది. హాస్టల్‌ ఖర్చుకు ఇంటి నుంచి డబ్బు అడగాల్సిన పని తగ్గుతుంది. చదివేది ఒకటే, పనికొచ్చేది మూడు చోట్ల.

ఆరు వారాలు, రోజుకు రెండు గంటలు

ఏం చేయాలో చెప్పకుండా ‘స్కిల్స్‌ పెంచుకోండి’ అంటే అది సలహా కాదు. అందుకే ఇదిగో.

మొదటి వారం: పైథాన్‌లో పదివేల యాదృచ్ఛిక బిట్లు తయారు చేయండి. పైన చెప్పిన 1.0, 0.5, 0.3 చానెల్‌ గుండా పంపండి. వచ్చిన విలువలను గ్రాఫ్‌ గీసి చూడండి.

రెండో వారం: నాయిస్‌ కలపండి. ఎన్ని బిట్లు తప్పుతున్నాయో లెక్కపెట్టండి. నాయిస్‌ పెంచుతూ పట్టిక రాయండి.

మూడో వారం: రెండు ట్యాపుల డీఎఫ్‌ఈ రాయండి. పది లైన్ల కోడ్‌ మించదు. తప్పులు ఎంత తగ్గాయో చూడండి. మిగిలిన తప్పులు విడివిడిగా వస్తున్నాయా, గుంపుగా వస్తున్నాయా? గుంపుగా ఎందుకు వస్తున్నాయో మీ మాటల్లో రాయండి.

నాలుగో వారం: 0.5, 0.3 తెలియవనుకోండి. ఎల్‌ఎంఎస్‌ పద్ధతిలో, తప్పు ఎంత వచ్చిందో చూసి ట్యాపును కొంచెం కొంచెం సర్దుతూ, ప్రోగ్రామే వాటిని కనుక్కునేలా చేయండి. అడుగు పెద్దదైతే ఏమవుతుంది, చిన్నదైతే ఏమవుతుంది?

అయిదో వారం: ఎన్‌జీస్పైస్‌లో ఒక డిఫరెన్షియల్‌ పెయిర్‌ గీయండి. రెండు సోర్సుల మధ్య రెసిస్టరు, కెపాసిటరు పెట్టండి. పైఫ్రీక్వెన్సీ దగ్గర గెయిన్‌ పెరుగుతుంది. అదే మీ మొదటి సీటీఎల్‌ఈ.

ఆరో వారం: రెండు పేజీల రిపోర్ట్‌ రాయండి. ఏం చేశారు, ఏం చూశారు, ఎక్కడ తప్పారు. ఆ మూడోది తప్పకుండా ఉండాలి. ఇంటర్వ్యూలో నేను ముందుగా చదివేది దాన్నే. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పగలిగినవాడికి ల్యాబ్‌ అప్పగించొచ్చు.

అడగాల్సింది కాలేజీలనూ

భారం మొత్తం విద్యార్థి మీదే వేయడం న్యాయం కాదు. దేశంలో చిప్‌ల పేరుతో పెద్ద లెక్కలు వింటున్నాం. 2021 డిసెంబరులో కేంద్రం 76,000 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. చిప్స్‌ టు స్టార్టప్‌ కార్యక్రమం కింద 85,000 మంది ఇంజినీర్లను తయారు చేస్తామన్నారు. ఏఐసీటీఈ 2023లో వీఎల్‌ఎస్‌ఐ కోసం ప్రత్యేక బీటెక్‌ సిలబస్‌ ఇచ్చింది. మంచిదే. కానీ మన చుట్టూ కోర్సు అంటే ఎక్కువగా వెరిలాగ్‌, వెరిఫికేషన్‌ మాత్రమే. వాటికి కంప్యూటర్‌ ఉంటే చాలు కాబట్టి. అనలాగ్‌కూ సిగ్నల్‌ ఇంటిగ్రిటీకీ మాస్టారు కావాలి, ల్యాబ్‌ కావాలి, ఓపిక కావాలి.

కమ్యూనికేషన్‌ ల్యాబ్‌లో రికార్డు రాయించే పాత ప్రయోగాల్లో ఒక్కదాన్ని తీసేసి, పొడవాటి కేబుల్‌, ఒక పల్స్‌ జనరేటర్‌, ఒక స్కోప్‌తో ఐ డయాగ్రమ్‌ చూపించవచ్చు. దీనికి కోట్లు అక్కర్లేదు. కేబుల్‌ చివర టెర్మినేషన్‌ తీసేసి ప్రతిఫలనం చూపిస్తే, రెండు గంటల లెక్చర్‌ చెప్పనిది రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. గ్రంథాలయాల్లో పోటీ పరీక్షల పుస్తకాల పక్కన రజావీ అనలాగ్‌ పుస్తకం రెండు కాపీలు పెట్టమని అడగడం కూడా పెద్ద కోరికేం కాదు. పుస్తకం కావాలని పదిమంది సంతకాలు పెట్టి ఇవ్వండి. చిన్న పనే, కానీ ఎవరో ఒకరు మొదలుపెట్టాలి.

ఆ రోజు ఆ తమ్ముడి నోట్స్‌ వెనక పేజీలో −0.2 లెక్క వేసి ఇచ్చాను. కాసేపు చూశాడు. ‘గంతేనా అన్నా?’ అన్నాడు. గంతే తమ్మీ. లెక్క అంతే. దాన్ని 156 పికోసెకన్లలో, నిదానంగా నడిచే ట్రాన్సిస్టర్లతో, వేడెక్కినా చల్లబడినా తప్పకుండా చేయించడమే ఉద్యోగం.

గ్రూప్స్‌ పుస్తకం మూయమని చెప్పలేదు. రాత్రి పూట రెండు గంటలు మాత్రం ఈ లెక్కకు ఇవ్వమన్నాను. మీకూ అదే చెబుతున్నాను. నోటిఫికేషన్‌ ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు. మొదటి వారం పని ఈ రాత్రే మొదలుపెట్టడం మాత్రం మన చేతిలోనే ఉంది.